నెక్ త్రూ గిటార్‌కి ట్రస్ రాడ్: రెక్కలు అతికించేశాక గాడి ఎలా కొట్టాలి?

ఆరోతీగ_మధురవాడ
నెక్ త్రూ గిటార్ (నెక్, బాడీ మధ్య భాగం ఒకే దుంగ) కడుతున్నాను. మధ్య దుంగ ఐదు పట్టీలది: టేకు మూడు, వాటి మధ్య జిట్రేగి (రోజ్‌వుడ్) రెండు. మధ్య టేకు పట్టీ 16 ఎంఎం. స్కేలు (తీగ మోగే పొడవు) 648 ఎంఎం, 24 ఫ్రెట్లు, హెడ్‌స్టాక్ (తీగలు చుట్టే తల) వాలు 13 డిగ్రీలు. నెక్ వెడల్పు తీగల నట్ దగ్గర 43, చివర 57. రెండు వైపులా రెక్కలు (బాడీ పక్క ముక్కలు) అతికించేశాను, నెక్ పక్కలు కూడా టేపరుగా కోసేశాను. ఫింగర్‌బోర్డు ఇంకా అతకలేదు, వెనక గుండ్రం కూడా చెక్కలేదు. ట్రస్ రాడ్ (నెక్ వంపు సర్దే లోపలి కడ్డీ) గాడి మాత్రం కొట్టకుండా మిగిలిపోయింది. రాడ్ టూ వే (నెక్‌ని రెండు వైపులా వంచగలిగేది), పొడవు 460, వెడల్పు 6, ఎత్తు 9, నట్ దగ్గర గుండ్రం 8 ఎంఎం, 4 ఎంఎం అలెన్ కీ. రౌటర్ గైడు ఆనించడానికి సమాంతరమైన అంచు ఎక్కడా లేదు. రెక్కలేమో నెక్ పైభాగానికి 8 ఎంఎం కిందున్నాయి, గైడు అక్కడికెళ్లి కొట్టుకుంటోంది. ఇప్పుడు దారేంటి? ఇంకోటి, సర్దుబాటు నట్ హెడ్‌స్టాక్ వైపు పెట్టాలా, బాడీ వైపా?

టేకుచెక్క
దుంగ చదరంగా ఉన్నప్పుడే గాడి కొట్టాలి, రెక్కలూ టేపరూ ఆ తర్వాత. కొత్తగా కట్టేవాళ్లు ఈ వరస గుర్తుపెట్టుకోండి. నీ కేసు చెడిపోలేదు తమ్ముడూ. బోర్డు అతకలేదు, వెనక చెక్కలేదు, ఆ రెండూ చాలు.

లేత్_ఆటోనగర్
అంచు లేకపోతే అంచు తయారుచేసుకోవడమే. 25 ఎంఎం అల్యూమినియం ఎల్ యాంగిల్ రెండు ముక్కలు, మీటరు పొడవువి తీసుకో. రౌటర్ అడుగున 6 ఎంఎం యాక్రిలిక్ చదరపు పలక బిగించు. ఆ పలక రెండు యాంగిళ్ల మధ్య ఆట లేకుండా జారాలి, అటూ ఇటూ కదిలితే గాడి గోడలు వంకరవుతాయి. ఒక్క పట్టా కాకుండా రెండు పట్టాలు ఎందుకంటే, ఒక్కటైతే రౌటర్ దానికి దూరంగా లాక్కుపోయే అవకాశం ఉంటుంది. రెండుంటే ఎటూ పోలేదు.

ఆరోతీగ_మధురవాడ
@లేత్_ఆటోనగర్ యాంగిళ్లని దేనికి బిగించాలి అన్నా? నెక్ మీద స్క్రూ కొడితే కన్నాలు పడతాయి కదా.

లేత్_ఆటోనగర్
యాంగిళ్లని ముందు రెండు అడ్డ పట్టీలకి బిగించి నిచ్చెనలా చెయ్యి. బాడీ వైపు అడ్డ పట్టీని పికప్ గుంట వచ్చే చోట స్క్రూ చెయ్యి, ఆ చెక్క ఎలాగూ రేపు తవ్వేసేదే. హెడ్‌స్టాక్ వైపు స్క్రూ వద్దు, వాలు కింద ఒక ఏటవాలుగా కోసిన చెక్క పెట్టి సి క్లాంపు వెయ్యి. అప్పుడు నెక్ మీద ఒక్క కన్నం కూడా పడదు.

బేస్_ఆర్కేబీచ్
నట్ బాడీ వైపే పెట్టు గురూ. చక్రం ఉన్న రాడ్ దొరుకుతుంది, బోర్డు చివర బయటికి కనిపిస్తుంది, చిన్న పుల్ల పెట్టి తిప్పుకోవడమే. హెడ్‌స్టాక్ దగ్గర గుంట తవ్వితే నెక్ ఎక్కడ సన్నమో అక్కడే ఇంకా బలహీనపడుతుంది.

ఫ్రెట్‌వైర్_గాజువాక
@బేస్_ఆర్కేబీచ్ మాట సూత్రంగా ఒప్పే, ఈ గిటార్‌కి మాత్రం కుదరదు. 648 స్కేలులో 24వ ఫ్రెట్ తీగల నట్ నుంచి 486 ఎంఎం దగ్గర పడుతుంది. బోర్డు చివర 492. చక్రం తిరగడానికి, పుల్ల దూరడానికి కనీసం 12 ఎంఎం ఖాళీ కావాలి. నెక్ పికప్ ఎక్కడ మొదలవుతుంది?

ఆరోతీగ_మధురవాడ
బోర్డు చివర నుంచి 5 ఎంఎం.

ఫ్రెట్‌వైర్_గాజువాక
మరింకేం, లేదు. 22 ఫ్రెట్ల బోర్డు అయితే 22వది 466 దగ్గరే ఆగుతుంది, ఇంకో 20 ఎంఎం చోటు వచ్చేది, అప్పుడు చక్రం హాయిగా కూర్చునేది. అదీగాక నీ చేతిలో ఉన్నది అలెన్ రాడ్. దాన్ని తిరగేసి నట్ పికప్ గుంటలోకి తెరుచుకునేలా పెట్టమని ఎవరైనా చెబితే వినకు. తిప్పిన ప్రతిసారీ తీగలు వదులు చేసి పికప్ ఊడదీయాలి. తీగల బిగువు లేనప్పుడు నెక్ వంపు కొలిచి లాభం లేదు. మామూలు 10-46 సెట్టు (సన్న తీగ 0.010, లావు తీగ 0.046 అంగుళం) స్టాండర్డ్ ట్యూనింగ్‌లో దాదాపు 46 కిలోల లాగుడు పెడుతుంది, ఆ లాగుడు మీదే వంపు చూడాలి.

బేస్_ఆర్కేబీచ్
ఒప్పుకున్నా. 24 ఫ్రెట్లు, పికప్ అంత దగ్గర అయితే హెడ్‌స్టాకే. కానీ అక్కడ చెక్క ఎంత మిగులుతుందో లెక్క వెయ్యకుండా మొదలెట్టొద్దు.

టేకుచెక్క
లెక్క వేద్దాం. మొదటి ఫ్రెట్ దగ్గర మొత్తం మందం 21 అనుకుంటే అందులో బోర్డు 6 పోతుంది, చెక్క 15. గాడి 9.5. వెనక మిగిలేది 5.5 ఎంఎం, భయం లేదు. అదే పలచటి నెక్ ఇష్టమని మొత్తం 19కి దించి, రాడ్ 11 ఎత్తుది పెడితే 2 ఎంఎం మిగులుతుంది. అక్కడ రాడ్ బిగిస్తే వెనక నుంచి చీలిక వస్తుంది, ఏ జిగురూ ఆపదు. 3 కన్నా తక్కువ ఎక్కడా వద్దు. నట్ గుండ్రం 8 కాబట్టి అక్కడ గాడి వెడల్పు 8.5 చెయ్యాలి, అదీ 15 ఎంఎం పొడవు మేరకే. హెడ్‌స్టాక్ మలుపు వెనక చిన్న ఉబ్బు వదిలేస్తే ఇంకా మంచిది. వెనక ఇంకా చెక్కలేదు కాబట్టి ఆ చెక్క నీ దగ్గరుంది, పారేయకు.

ఆరోతీగ_మధురవాడ
ఉబ్బు వదులుతాను. అలెన్ కీ దూరడానికి హెడ్‌స్టాక్‌లో ఎంత దూరం తవ్వాలి?

ఫ్రెట్‌వైర్_గాజువాక
వాలు ఉన్న హెడ్‌స్టాక్ కాబట్టి విడిగా తవ్వక్కర్లేదు, గాడిని అదే లోతులో తిన్నగా బయటికి పోనివ్వు. 13 డిగ్రీల వాలులో 10 ఎంఎం లోతు గాడి అడుగు 43 ఎంఎం దూరంలో హెడ్‌స్టాక్ ముఖాన్ని కలిసి దానంతటదే ముగుస్తుంది. 10 డిగ్రీలైతే 57 వరకూ పోయేది. రాడ్ నట్ మధ్య బిందువు పైభాగానికి 5 ఎంఎం కిందుంటే కీ 22 ఎంఎం దగ్గరే బయటపడుతుంది, కాబట్టి 43 వరకూ పోకుండా 30 దగ్గర ఆపినా కీ తిన్నగా దూరుతుంది. అంత తక్కువ తవ్వితే అంత మంచిది.

తీగలమోత
రెండు నట్‌లూ కలిపి మాట్లాడేస్తున్నారు, చదివేవాడికి తల తిరుగుతుంది. తీగలు ఆనేది "తీగల నట్", తిప్పేది "రాడ్ నట్" అందాం.

ఫ్రెట్‌వైర్_గాజువాక
సరే. అయితే తీగల నట్ కింద గట్టి చెక్క ఉండాలి. గాడి దాని కిందుగా పోతుంది కదా, మధ్యలో 6 ఎంఎం ఖాళీ వచ్చినా రెండు పక్కలా 18, 18 చెక్క ఉంటుంది, చాలు. రాడ్ నట్‌ని తీగల నట్‌కి 10 ఎంఎం బయట, హెడ్‌స్టాక్ వైపు ఉంచు. వెడల్పు చేసిన 8.5 ఎంఎం భాగం తీగల నట్ కిందికి రాకూడదు. అప్పుడు 460 రాడ్ రెండో చివర 450 దగ్గర, అంటే 20, 21 ఫ్రెట్ల మధ్య ఆగుతుంది. నీ నెక్ బాడీని ఎక్కడ కలుస్తుంది?

ఆరోతీగ_మధురవాడ
లావు తీగ వైపు 17వ ఫ్రెట్, సన్న తీగ వైపు 20వది.

ఫ్రెట్‌వైర్_గాజువాక
అయితే పొడవు సరిగ్గా సరిపోయింది. రాడ్ చివర బాడీ కలిసే చోటు దాటి కొంచెం లోపలికి పోవాలి. చాలకపోతే, ఉదాహరణకి 14వ ఫ్రెట్ దగ్గరే ఆగితే, బిగించినప్పుడు అక్కడ గూని తేలుతుంది, పై ఫ్రెట్లలో తీగ రొద చేస్తుంది. మరీ పొడుగైతే బాడీలో ఉన్న భాగం వంగదు, ఆ బలమంతా వృథా. నెక్ త్రూలో మధ్య దుంగ ఆ మూల నుంచి ఈ మూల దాకా ఒకటే కదా, రాడ్ కూడా అంత పొడుగుండాలని కొందరు అనుకుంటారు. వంగేది తీగల నట్ నుంచి బాడీ దాకానే. రాడ్ పనీ అంతవరకే.

వానాకాలం
నాదొక పక్క ప్రశ్న. టూ వే ఎందుకు? తీగలు ఎప్పుడూ ముందుకే లాగుతాయి. గిబ్సన్ గిటార్ కంపెనీలో థాడియస్ మెక్‌హ్యూ పేరున 1923లో పేటెంట్ వచ్చింది ఒకే వైపు లాగే రాడ్‌కి. ఇప్పటికీ అది నడుస్తోంది. బరువు తక్కువ, వెల్డింగ్ లేదు, విరిగేది తక్కువ.

టేకుచెక్క
@వానాకాలం ఆ రాడ్‌కి గాడి తిన్నగా ఉండకూడదు, మధ్యలో లోతుగా, చివర్లలో పైకి వంపు తిరగాలి. పైన అదే వంపు తిరిగిన చెక్క పట్టీ బిగుతుగా అతకాలి. పట్టీ కింద వెంట్రుకంత సందు ఉన్నా బిగించినప్పుడు ముందు సందు మూసుకుంటుంది, నెక్ కదలదు. ఫ్లాట్ గాడిలో తిన్నగా పెట్టి బిగిస్తే నెక్ వంగేది బాగా తక్కువ. ఇప్పుడు ఈ గిటార్‌కి అంత వంపు జిగ్గు చెయ్యడం కన్నా టూ వేకి తిన్నటి గాడి కొట్టడం తేలిక.

తీగలమోత
వాతావరణం కూడా చూడాలి. విశాఖలో కిటికీ తెరిచిన గదిలో తేమ 70 శాతానికి అటూఇటూ ఉంటుంది, ఆ గాలిలో చెక్క 13 శాతం దాకా నీరు పట్టుకుంటుంది. అదే గిటార్ ఏసీ గదిలోకి పోతే తేమ 45, చెక్కలో 8, 9 శాతం. జిట్రేగి బోర్డు, టేకు నెక్ ఒకేలా కదలవు. ఐదు పట్టీల నెక్ బిర్రుగా ఉంటుంది, దాని మీద 9-42 లాంటి సన్న తీగలు వేస్తే లాగుడు చాలక నెక్ వెనక్కి వంగే ఉండిపోవచ్చు. ఒకే వైపు లాగే రాడ్ అప్పుడు ఏమీ చెయ్యలేదు. బోల్ట్ నెక్ అయితే ఇంకో నెక్ బిగించుకుంటాం, ఇక్కడ నెక్ పోతే గిటారే పోతుంది. అందుకే నా ఓటు టూ వేకి.

వానాకాలం
సన్న తీగల సంగతి ఆలోచించలేదు, అది నిజమే. వెల్డింగ్ మీద నమ్మకం మాత్రం నాకు ఇంకా లేదు.

లేత్_ఆటోనగర్
నమ్మకం అక్కర్లేదు, పెట్టేముందు పరీక్ష చెయ్యొచ్చు. బల్ల మీద పెట్టి సగం చుట్టు అటు, సగం చుట్టు ఇటు, పదిసార్లు తిప్పు. వెల్డింగ్ దగ్గర భూతద్దంతో చూడు, వెంట్రుక పగులు కనపడితే ఆ రాడ్ వద్దు. తిప్పుతుంటే ఒక చోట పట్టేసి ఒక చోట వదులైతే మర సరిగా కోయలేదని అర్థం. చౌక రాడ్ ఖరీదు ఇక్కడే తెలుస్తుంది, బోర్డు అతికాక కాదు.
పరీక్షలోనే పై వైపేదో, కింది వైపేదో కూడా గుర్తుపెట్టు. కుడి వైపుకి బిగించినప్పుడు రాడ్ నడుము ఎటు ఉబ్బుతుందో ఆ వైపు ఫింగర్‌బోర్డు వైపుకి ఉండాలి. బిగిస్తే నెక్ వెనక్కి వంగాలి కదా. మార్కర్‌తో "పైన" అని రాసెయ్యి. తిరగబడినా టూ వే పనిచేస్తుంది, కాకపోతే బిగింపు దిశ తల్లకిందులవుతుంది. రేపు సర్దేవాడు నెక్ ముందుకి వంగిపోతోందని ఇంకా బిగిస్తాడు, ఇంకా వంగుతుంది.

ఆరోతీగ_మధురవాడ
రాడ్‌ని ఇక్కడే లేతులో చేయించుకోవచ్చా? ఇంకో రెండు గిటార్ల దుంగలున్నాయి.

లేత్_ఆటోనగర్
ఒకే వైపు లాగేది చేయించుకోవచ్చు. 5 ఎంఎం మైల్డ్ స్టీల్ రాడ్, చివర మర, ఇత్తడి నట్. స్టెయిన్‌లెస్ రాడ్‌కి స్టెయిన్‌లెస్ నట్ వద్దు, బిగువు మీద మరలు ఒకదాన్నొకటి కొరికి పట్టేస్తాయి. టూ వేకి ఒక చివర ఎడమ మర కావాలి, ఎడమ ట్యాపు ఉన్న షాపు వెతుక్కోవాలి, వెల్డింగూ మంచిగా పడాలి. అది కొనుక్కోవడమే నయం. సముద్రపు గాలికి అలెన్ సాకెట్ తుప్పు పడుతుంది, పెట్టేటప్పుడే మరకి పలచగా గ్రీజు రాయి. చెక్కకి మాత్రం గ్రీజు అంటకూడదు, జిగురు పట్టదు.

ఫ్రెట్‌వైర్_గాజువాక
ఇక రౌటింగ్. ముందు మధ్య గీత. టేపరు అంచులని నమ్ము, దుంగ పట్టీలని కాదు. తీగల నట్ దగ్గర వెడల్పు సగం, 20వ ఫ్రెట్ దగ్గర వెడల్పు సగం, రెండు చుక్కలు పెట్టి దారం లాగి బ్రిడ్జి దాకా చూడు. పట్టీల గీతకీ నీ గీతకీ 1 ఎంఎం తేడా ఉన్నా ఫరవాలేదు, మధ్య పట్టీ 16 కాబట్టి 6 ఎంఎం గాడి అందులోనే ఉంటుంది. జిగురు గీత మీద గాడి గోడ పడకుండా చూసుకో, అంతే.
బిట్టు కొత్తది, కార్బైడు, 6 ఎంఎం, రెండు పళ్లది. టేకులో ఇసుక లాంటి పదార్థం ఉంటుంది, బిట్టు తొందరగా మొద్దుబారుతుంది, మొద్దు బిట్టు చెక్కని కాలుస్తుంది. బిట్టు కాడ 6 ఎంఎం అయితే కాలెట్ (రౌటర్‌లో కాడని పట్టే బిగింపు) కూడా 6దే ఉండాలి. పావు అంగుళం కాలెట్‌లో 6 ఎంఎం కాడ బిగిస్తే నడుస్తుండగా జారి లోతు పెరిగిపోతుంది, అలాగే గాడి అడుగు పగిలిపోతుంది. ఒక్కో సారికి 2.5 ఎంఎం, నాలుగు సార్లు. ప్రతిసారీ గాడిలో పొట్టు ఊడ్చెయ్యి.
ముందు అదే టేకు ముక్క మీద 100 ఎంఎం గాడి కొట్టి రాడ్ పెట్టి చూడు. వేలితో నొక్కితే దిగాలి, తిరగేస్తే రాలకూడదు.

తీగలమోత
పట్టాలు లేకుండా పక్క గైడుతో కొట్టేవాళ్ల కోసం ఒక మాట: రౌటర్ ముందుకి తోస్తుంటే గైడు కుడి పక్కనుండాలి. బిట్టు తిరిగే తీరుకి రౌటర్ ఎడమకి జరగాలని చూస్తుంది, అప్పుడు గైడు అంచుకి ఇంకా గట్టిగా ఆనుతుంది. ఎడమ పక్కనుంటే అంచు వదిలేసి గాడి పాములా పోతుంది.

టేకుచెక్క
లోతు గురించి @ఫ్రెట్‌వైర్_గాజువాక చెప్పిన 10కి నా కారణం కూడా కలుపుతున్నా. గాడి కొట్టాక చెక్కలో బిగువు మారుతుంది, దుంగ కొంచెం మెలిక తిరగొచ్చు. వెంటనే బోర్డు అతకొద్దు. రెండు వారాలు ఊరికే ఉంచి స్టీలు స్కేలు పెట్టి చూడు, అవసరమైతే పైభాగం మళ్లీ చిత్రిక పట్టు. అర ఎంఎం చిత్రిక పడితే గాడి లోతు కూడా అర ఎంఎం తగ్గుతుంది! ముందే సరిగ్గా 9 కొట్టినవాడికి అప్పుడు రాడ్ పైకి లేచి బోర్డు ఆనదు. చివరికి రాడ్ చెక్క ఉపరితలానికి 0.2 నుంచి 0.4 ఎంఎం కింద ఉండాలి. మరీ కిందుంటే రాడ్ ముందు ఖాళీలో ఉబ్బి, తర్వాతే పని మొదలెడుతుంది. ఖాళీ ఎక్కువైతే అడుగున పలచటి వెనీర్ పట్టీ వేసి లేపుకోవచ్చు.

కొత్తతీగ
మధ్యలో అడుగుతున్నా. నా దగ్గరున్న పాత నెక్ త్రూకి సర్దుబాటు రాడ్ లేదు, లోపల ఉత్త స్టీలు పట్టీ అట. 8వ ఫ్రెట్ దగ్గర 1 ఎంఎం వంపుంది. వెనక నుంచి గాడి కొట్టి రాడ్ పెట్టొచ్చా? పాత ఫెండర్ గిటార్లకి వెనక నల్ల పట్టీ ఉంటుంది కదా.

ఫ్రెట్‌వైర్_గాజువాక
1950ల ఫెండర్ మేపుల్ నెక్‌లకి విడి బోర్డు లేదు, అందుకే వెనక నుంచి గాడి కొట్టి వాల్‌నట్ పట్టీతో మూసేవారు. అవి బోల్ట్ నెక్‌లు, విడిగా తీసి జిగ్గులో పెట్టొచ్చు. నీదాంట్లో వెనక గాడి బాడీ మలుపు దగ్గరే ఆగిపోవాలి, రాడ్ చివర బాడీ లోపలికి పోదు. పైగా స్టీలు పట్టీ దారిలో ఉంటుంది. వద్దు.
పద్ధతి బోర్డు ఊడదీయడమే. ఇస్త్రీ పెట్టె మధ్యస్థ వేడి మీద బోర్డు పైన ఒక్కో చోట ఐదు నిమిషాలు, కింద పలచటి పుట్టీ బ్లేడు. తెల్ల జిగురు 80, 90 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. బ్లేడుని తోయొద్దు, వేడి పని చేశాక అదే దూరుతుంది. ప్లాస్టిక్ చుక్కలుంటే కరుగుతాయి, ముందే తీసెయ్యి.

వానాకాలం
@కొత్తతీగ అంత దూరం పోకముందు ఇంకో దారి. ఫ్రెట్లన్నీ తీసి, తీగలు ఉన్నప్పటి వంపుని లెక్కలో పెట్టుకుని బోర్డుని సాపు చేసి, గాడి కన్నా కొంచెం మందం కాడ ఉన్న ఫ్రెట్ తీగ కొట్టించు. ప్రతి ఫ్రెట్టూ మేకులా దూరి బోర్డుని పైవైపు సాగదీస్తుంది, నెక్ వెనక్కి జరుగుతుంది. 1 ఎంఎం మొత్తం పోకపోయినా వాయించేలా వస్తుంది. తర్వాత సర్దుబాటు ఉండదు, అది నిజం.

కొత్తతీగ
ముందు ఫ్రెట్లతోనే ప్రయత్నిస్తా.

ఆరోతీగ_మధురవాడ
నా దానికి కార్బన్ పట్టీలు కూడా వెయ్యాలా? 3×10 ఎంఎంవి దొరుకుతున్నాయి.

టేకుచెక్క
ఐదు పట్టీల టేకు జిట్రేగికి అక్కర్లేదు. వేస్తే 3×6 చాలు. మధ్య నుంచి 10 ఎంఎం పక్కకి వెళ్తే వెనక గుండ్రం వల్ల చెక్క లోతు 13 చిల్లరే, 10 లోతు గాడి కొడితే 3 ఎంఎం చిల్లర మిగులుతుంది. నెక్ మరీ బిర్రుగా అయితే రాడ్ కూడా కష్టపడుతుంది.

బేస్_ఆర్కేబీచ్
బేస్ గిటార్‌కైతే వెయ్యమంటాను, పొడవు ఎక్కువ, లాగుడు ఎక్కువ. దీనికి నేనూ వద్దనే అంటా.

తీగలమోత
అతికించేటప్పుడు రొద రాకుండా చూసుకోండి. రాడ్ గాడిలో మూడు చోట్ల, 3వ, 9వ, 15వ ఫ్రెట్ల దగ్గర, బఠాణీ గింజంత సిలికాన్ సీలెంట్. మర దగ్గర వద్దు. రాడ్ పూర్తిగా వదులుగా, ఎటూ బిగువు లేని చోట ఉంచాలి. పైన 10 ఎంఎం మాస్కింగ్ టేపు వేసి, చెక్కంతా జిగురు పూసి, బోర్డు పెట్టేముందు టేపు లాగెయ్యాలి. అప్పుడు గాడిలోకి జిగురు కారదు. మరలోకి ఒక్క చుక్క పోయినా రాడ్ చచ్చినట్టే.
టేకు, జిట్రేగి రెండూ నూనె చెక్కలు. జిగురుకి పది నిమిషాల ముందు రెండు ముఖాలూ అసిటోన్‌తో తుడవండి.

వానాకాలం
ఏ జిగురు?

తీగలమోత
నెమ్మదిగా గట్టిపడే అరాల్డైట్ లాంటి ఎపాక్సీ. ఐదు నిమిషాలది కాదు, బోర్డు సర్దేలోపే పట్టేస్తుంది.

ఫ్రెట్‌వైర్_గాజువాక
నేను ఒప్పుకోను. రేపు రాడ్ పాడైతే బోర్డు ఊడదీయాలి, నెక్ త్రూలో వేరే దారి లేదు. తెల్ల జిగురో, టైట్‌బాండ్ ఒరిజినలో అయితే వేడికి శుభ్రంగా వదులుతుంది. ఎపాక్సీ కూడా వేడికి వదులుతుంది కానీ ముద్దలు ముద్దలుగా, చెక్క పీచు లాక్కుని వస్తుంది.

తీగలమోత
నీటి జిగురు పూసిన వైపు చెక్క ఉబ్బుతుంది, నెక్ వెనక్కి వంగుతుంది. ఈ తేమలో ఆ నీరు పోవడానికి రోజులు పడుతుంది.

ఫ్రెట్‌వైర్_గాజువాక
పలచగా పూసి వారం ఆగితే పోతుంది. ఆ వారం లోపు బోర్డు సాపు చెయ్యొద్దు, ఫ్రెట్లు కొట్టొద్దు. రేపు విప్పడానికి వీలుండటం నాకు ముఖ్యం.

టేకుచెక్క
ఇద్దరిదీ పనిచేసే పద్ధతే. టేకు మీద పట్టు చూస్తే నేను ఎపాక్సీ వైపు, విప్పడం చూస్తే జిగురు వైపు. తమ్ముడూ, ఒక టేకు ముక్క మీద జిట్రేగి ముక్క రెండు రకాలుగా అతికించి, వారం తర్వాత ఉలి పెట్టి విడగొట్టి చూడు. గీత దగ్గర కాకుండా చెక్క చిరిగితే ఆ జిగురు సరిపోయినట్టు. ఏదైనా బోర్డు జారకుండా 1వ, 24వ ఫ్రెట్ గాళ్లలో సన్న మేకులు రెండు పాతి, పైన దళసరి తిన్నటి చెక్క పెట్టి ప్రతి 50, 60 ఎంఎంకీ ఒక క్లాంపు. 24 గంటలు కదపొద్దు.

ఆరోతీగ_మధురవాడ
పట్టాలు తయారుచేసి తుక్కు టేకు మీద గాడి కొట్టా. వెడల్పు వెర్నియర్‌లో 6.1 వచ్చింది, రాడ్ వేలితో దిగుతోంది, తిరగేస్తే రాలట్లేదు. నడుము ఉబ్బే వైపు మార్కర్ పెట్టా. జిగురు ముక్కలు రెండు రకాలూ అతికించి ఉంచా. తీగలు వేశాక వంపు ఎంత ఉంచాలి?

ఫ్రెట్‌వైర్_గాజువాక
6.1 బాగుంది, ఆ బిట్టు మార్చకు. తీగలు వేసి, ట్యూన్ చేసి, ఒక రోజు వదిలెయ్యి. 1వ ఫ్రెట్ మీద కాపో (తీగలన్నీ నొక్కి పట్టే బిగింపు), చివరి ఫ్రెట్ మీద వేలు, 8వ ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్టుకీ మధ్య 0.2 ఎంఎం. ఫీలర్ గేజి బైకు మెకానిక్ సామాన్ల షాపులో దొరుకుతుంది, అదే చాలు. తిప్పేది ఎప్పుడూ చుట్టులో ఎనిమిదో వంతు, తిప్పాక మళ్లీ ట్యూన్ చేసి కొలువు. ఒక చుట్టు దాటినా కదలకపోతే ఆపి, గాడిలో ఎక్కడ ఖాళీ ఉందో ఆలోచించు. ఇంకా బిగించొద్దు.

లేత్_ఆటోనగర్
అలెన్ కీ మంచిది కొను. మొద్దుబారిన కీతో సాకెట్ మూలలు అరిగితే ఆ రాడ్ నట్‌ని బయటికి తీసే దారి నెక్ త్రూలో లేదు. ఆ 4 ఎంఎం కీని గిటార్ పెట్టెలోనే టేపుతో అంటించి ఉంచు.